508001 పగిలింది, 509001 మొరాయించింది: నా పిన్‌కోడ్ లెక్కల డైరీ

మొదటి రోజు, ఆదివారం

నల్లగొండ రామగిరిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది, పార్సిళ్ల బుకింగ్ కూడా నేనే చూస్తాను. రోజుకు పాతిక ముప్పై సార్లయినా పంపేవారి అడ్రసు కింద 508001 అని రాస్తుంటాను. పదేళ్లుగా రాస్తున్నాను కానీ అది ఒక సంఖ్య అని, ఐదు లక్షల ఎనిమిది వేల ఒకటి అని, ఒక్కసారి కూడా అనుకోలేదు. మా బిడ్డ పదో తరగతి. మొన్న కౌంటర్ వెనక కూర్చుని వాస్తవ సంఖ్యల చాప్టరు చేసుకుంటూ ఉన్నట్టుండి "డాడీ, మన పిన్‌కోడ్‌కు కారణాంకాలు ఏంటివి?" అంది. నాకు తెలీదు. ఒకటి కంటే పెద్దదైన ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయొచ్చు, అది కూడా ఒకే ఒక్క రకంగా, అని ఆ చాప్టర్లోనే ఉంది. అంటే 508001 కూడా ఎక్కడో ఒకచోట విరగాలి, లేదా అదే ప్రధాన సంఖ్య అయి ఉండాలి.

ఫోన్లో కొడితే రెండు సెకన్లలో తేలిపోతుంది. అందుకే ఫోన్ వద్దనుకున్నాం. లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీశాం, క్యాలిక్యులేటర్ లేదు, ప్రతి భాగహారం శేషంతో సహా రాయాలి, తప్పు పోతే గీత కొట్టాలి గానీ పేజీ చింపకూడదు. ఈ చివరి రూలు మా బిడ్డది. నా అలవాట్లు దానికి తెలుసు.

అదే రోజు సాయంత్రం

ముందు ఎంత పని ఉంటుందో చూసుకున్నాం. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విరిగితే అందులో చిన్న ముక్క దాని వర్గమూలాన్ని దాటదు. 713ను 713తో గుణిస్తే 508369, మన సంఖ్యను దాటిపోయింది, కాబట్టి 712 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. చార్టు మీద ఎరటోస్తనీస్ జల్లెడ వేసి, అంటే ఒక్కో ప్రధాన సంఖ్య గుణిజాలను కొట్టేస్తూ పోయి, మిగిలినవి లెక్కపెడితే 127 వచ్చాయి. నూట ఇరవై ఏడు భాగహారాలా! దసరా దాకా పడుతుందేమో అనుకుని చాయ్ పెట్టించుకుని కూర్చున్నాను.

2, 5 కుదరవని చూపుతోనే తెలిసింది. అంకెల మొత్తం 14, కాబట్టి 3 కూడా లేదు. 7తో భాగిస్తే 4 మిగిలింది. 11కు అంకెలు మార్చి మార్చి కూడితే తీసేస్తే కుదరలేదు. 13 దగ్గర పెన్ను ఆగింది. 508001 అంటే 13 × 39077, శేషం సున్నా. సరే, ఇప్పుడు 39077ను పట్టుకోవాలి. 13తో మళ్లీ చూస్తే 12 మిగిలింది, 17తో 11, 19తో 13, ఇక 23తో చూస్తే 1699, మళ్లీ సున్నా! 1699కి 41 దాకా చూస్తే చాలు, ఎందుకంటే 43 వర్గం 1849. 23, 29, 31, 37, 41, దేనికీ పోలేదు. అంటే 1699 ప్రధాన సంఖ్య.

508001 = 13 × 23 × 1699.

చాయ్ ఇంకా వేడిగానే ఉంది. దసరా దాకా అనుకున్నది డజను భాగహారాలకు అయిపోయింది. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశ అనిపించింది.

మా బిడ్డ మాత్రం ఆపలేదు. మూడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు కాబట్టి మొత్తం భాజకాలు ఎనిమిది: 1, 13, 23, 299, 1699, 22087, 39077, 508001. వీటన్నిటినీ కూడాలంటే విడివిడిగా కూడక్కర్లేదు, ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే చాలు, 14 × 24 × 1700. అది 571200. పోస్టాఫీసు నంబరు లోపల ఇంత గుండ్రటి సంఖ్య దాక్కుని ఉందా! అందులోంచి 508001 తీసేస్తే 63199 మిగులుతుంది. సొంత భాజకాలన్నీ కలిసినా అసలు సంఖ్యలో ఎనిమిదో వంతు కూడా లేవన్నమాట.

మూడో రోజు

తప్పు నాదే, ఈ సంగతి మహబూబ్‌నగర్‌లో ఉన్న మా బామ్మర్దికి ఫోన్లో చెప్పాను. వాడు అన్నీ విని, "గింత అల్కగ పలిగిందా బావా మీ నల్లగొండ? మా పాలమూరును పలగ్గొట్టు చూద్దాం" అన్నాడు. వాళ్లది 509001. మనదానికంటే సరిగ్గా వెయ్యి ఎక్కువ.

పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి, శ్రీరాం భికాజీ వేలంకర్ అనే ఆయన తెచ్చిన పద్ధతి అది. మొదటి అంకె ప్రాంతానికి (5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక), మొదటి మూడూ కలిపి చూస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడు పోస్టాఫీసుకు. కాబట్టి 508, 509 పక్కపక్కన ఉండటంలో విశేషం ఏమీ లేదు. అయితే ఆ వెయ్యి తేడా ఒక మంచి విషయం చెబుతుంది. రెండింటికీ ఉమ్మడి భాజకం ఏదైనా ఉంటే అది వాటి తేడాను కూడా భాగించాలి. వెయ్యిలో ఉన్నవి 2లు, 5లు మాత్రమే. రెండు పిన్‌కోడ్లూ 1తో ముగుస్తాయి, 2 పోదు, 5 పోదు. కాబట్టి గ.సా.భా. 1. ఒక్క భాగహారం చేయకుండానే నల్లగొండకూ పాలమూరుకూ ఉమ్మడి కారణాంకం లేదని తేలిపోయింది. కృష్ణ మాత్రం రెండు పాత ఉమ్మడి జిల్లాల పక్క నుంచీ పోతుంది, అది వేరే లెక్క.

509001 అంకెల మొత్తం 15. మూడుతో పోయింది, 169667 మిగిలింది. "మూడుకే పలిగింది చూడు" అని వాడికి మెసేజ్ పెట్టాను. తొందరపడ్డాను.

ఏడో రోజు

169667 కదలట్లేదు. 412 వర్గం 169744, కాబట్టి 411 దాకా వెళ్లాలి, ఆ లోపు ఆఖరి ప్రధాన సంఖ్య 409. జల్లెడలో లెక్కపెడితే 80. చూపుతోనే తేలే మూడు (2, 3, 5) తీసేస్తే 77 భాగహారాలు. షాపు మూశాక రాత్రి ఏడో ఎనిమిదో చేస్తున్నాను, అంతకంటే ఎక్కువ చేస్తే కళ్లు తిరుగుతున్నాయి. 7తో 1 మిగిలింది. 31తో 4. 47తో 44, అంటే ఇంకో మూడు ఉంటే పోయేది. ఇట్లాంటివి చూస్తే మనిషికి ఆశ పుడుతుంది గానీ నిజానికి మూడు తక్కువైనా ముప్పై తక్కువైనా ఒకటే, లెక్కల్లో "కొద్దిలో తప్పిపోయింది" అనేది లేదు.

పదో రోజు రాత్రి, పదకొండు గంటలకు

పాలమూరు పగిలింది!! 169667 = 193 × 879. బామ్మర్దిని నిద్ర లేపి మరీ చెప్పాను.

పదకొండో రోజు, పొద్దున

పగల్లేదు.

జడ వేయించుకుంటూ మా బిడ్డ నోట్‌బుక్ తెరిచింది, పది సెకన్లు చూసిందేమో. "డాడీ, 879 అంకెల మొత్తం ఎంత?" ఇరవై నాలుగు. "అంటే మూడుతో పోతుంది కదా. మరి 169667 కూడా మూడుతో పోవాలి కదా. దాని మొత్తం 35." నేనేం మాట్లాడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే ఇదీ సంగతి. 1696లో 193 ఎనిమిది సార్లు, 1544 తీసేస్తే 152. కింద 6 దించితే 1526, అందులో ఏడు సార్లు, 1351 తీసేస్తే 175. ఇంతవరకూ కరెక్టే. కింద 7 దించితే 1757 రావాలి. నా చేతిరాతలో 5 పైగీత వంకర తిరిగి 3లా పడింది, దాన్ని నేనే 1737 అని చదివాను. 193 తొమ్మిది సార్లు సరిగ్గా 1737. సున్నా! కాకతాళీయం అంటే ఇదే కాబోలు, ఏ అంకె తప్పు చదివినా శేషం ఏదో వచ్చేది, నాకు మాత్రం సరిగ్గా సున్నా వచ్చే తప్పే దొరికింది. అసలు శేషం 20.

ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. పేజీ చింపలేదు. బామ్మర్దికి ఫోన్ చేసి చెబితే వాడు ఒకటే నవ్వు, "మాది పిల్లలమర్రి బావా, మొదలు ఏడుందో దొర్కది". పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ దగ్గరున్న పెద్ద ఊడల మర్రి.

పన్నెండో రోజు

ఒక రిటైర్డ్ లెక్కల సారు పెన్షన్ కాగితాల జిరాక్స్ కోసం వచ్చారు. కౌంటర్ మీద నోట్‌బుక్ చూసి కళ్లజోడు సవరించుకున్నారు, వెనక ఇద్దరు నిలబడి ఉన్నారని కూడా మర్చిపోయారు. "ఏమయ్యా, కింది నుంచే ఎందుకు కొడుతున్నావు, పై నుంచి కూడా కొట్టొచ్చు కదా" అన్నారు. ఫెర్మా పద్ధతి అట. సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే పని అయిపోయినట్టే, ఎందుకంటే రెండు సంఖ్యల వర్గాల తేడా ఎప్పుడూ ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణిస్తే వచ్చేదే. ఇది ఎనిమిదో తరగతి సూత్రమే, దీన్ని ఇట్లా వాడొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

412 వర్గంలోంచి 169667 తీసేస్తే 77. వర్గం కాదు. 413 వర్గం 170569, తీసేస్తే 902. అరే, 900 అయితే 30 వర్గం! రెండు ఎక్కువైంది. 414 వర్గం 171396, తీసేస్తే...

1729.

సారు పెన్ను కింద పెట్టేశారు. 1729 అంటే ఎవరికి తెలీదు, రామానుజన్ ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు ఇంగ్లిష్ గణితజ్ఞుడు హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన అతి చిన్న సంఖ్య, 1 ఘనం 12 ఘనం కలిపినా అదే, 9 ఘనం 10 ఘనం కలిపినా అదే. పాలమూరు పిన్‌కోడ్‌లో మూడో వంతుకు 1729 కలిపితే 414 వర్గం వస్తుంది. దీనివల్ల మా లెక్కకు పైసా ఉపయోగం లేదు, 1729 వర్గం కాదు (41 వర్గం 1681, 42 వర్గం 1764). కానీ ఆ రోజు సారు దగ్గర జిరాక్స్ డబ్బులు తీసుకోలేదు.

పై నుంచి ఇంకో పదిహేను మెట్లు ఎక్కి చూశాం, ఏదీ తగల్లేదు. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఈ పద్ధతి తొందరగా తేలుస్తుందట. మళ్లీ భాగహారాలే గతి.

పదహారో రోజు

241తో 3 మిగిలింది. 293 దగ్గర శేషం 20 చూసి, ఈ ఇరవైని ఇంతకుముందు ఎక్కడో చూశానే అనిపించింది. వెనక్కి తిప్పితే 193 దగ్గర కూడా 20. 879 అంటే 3 × 293 కదా! 3, 193, 293 మూడూ గుణిస్తే 169647, మన సంఖ్యకు ఇరవై తక్కువ. ఆ రోజు నేను పట్టుకున్నాననుకున్న సంఖ్య ఇదే. గీత కొట్టేసిన తప్పు వంద అడుగులు పోయాక మళ్లీ ఎదురొచ్చింది.

ఇరవై రెండో రోజు

కరెంటు పోయి ఒక రాత్రి పోయింది, చుట్టాల పెళ్లికి మిర్యాలగూడ వెళ్లడంతో ఇంకో రెండు రోజులు పోయాయి. (అక్కడి పిన్‌కోడ్ 508207, శుభలేఖ వెనకాల చేశాను, 7 × 79 × 919. పెళ్లి భోజనం వడ్డించేలోపే తేలింది.) ఇక మిగిలినవి ఈ రాత్రి పూర్తి చేశాను. 383తో 381 మిగిలింది. 389తో 63, 397తో 148, 401తో 44. ఆఖరిది 409. 409 నాలుగు వందల పద్నాలుగు సార్లు, 169326, మిగిలింది 341.

అంతే. 169667 ప్రధాన సంఖ్య. 509001 = 3 × 169667, అంతకు మించి విరగదు.

వెయ్యి తేడా ఉన్న రెండు సంఖ్యలు. ఒకటి చాయ్ చల్లారేలోపు మూడు ముక్కలైంది, ఇంకోదానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ పగలదని తెలుసుకోవడానికే సరిపోయాయి. పైకి చూస్తే ఈ తేడా కనిపించదు, అంకెల్లో 8 బదులు 9 ఉందంతే.

ప్రధాన సంఖ్య అని తేల్చడానికి అన్నిటితో భాగించక్కర్లేదని తర్వాత సారు చెప్పారు. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఏ సంఖ్య అయినా ప్రధానమా కాదా అని వేగంగా, ఊహల మీద ఆధారపడకుండా తేల్చే పద్ధతి కనిపెట్టారట. కానీ ప్రధానం కాదని తేలాక దాని ముక్కలు ఏవో చెప్పడం వేరే పని, అది ఇప్పటికీ కష్టమే. 250 అంకెల ఆర్ఎస్ఏ-250 అనే సంఖ్యను 2020 ఫిబ్రవరిలో బోలెడన్ని కంప్యూటర్లు కలిసి గానీ విడగొట్టలేకపోయాయి. మనం ఆరు అంకెలకే అలిసిపోయాం.

ఇరవై ఐదో రోజు

ఇక ఇక్కడితో ఆపేద్దామనుకుంటే మా బిడ్డ 508001ను రెండుసార్లు పక్కపక్కన రాసి పెట్టింది: 508001508001. చదవండి చూద్దాం. యాభై వేల ఎనిమిది వందల కోట్ల పదిహేను లక్షల ఎనిమిది వేల ఒకటి. దీన్ని మామూలుగా భాగిస్తూ పోతే నా జన్మ సరిపోదు. కానీ మూడంకెల సంఖ్యను రెండుసార్లు రాస్తే 7, 11, 13 మూడింటితోనూ పోతుందని చిన్నప్పుడు గారడీలా చేసేవాళ్లం, ఎందుకంటే అట్లా రాయడమంటే 1001తో గుణించడమే, 1001 అంటే 7 × 11 × 13. ఆరంకెలది రెండుసార్లు రాస్తే? పది లక్షల ఒకటితో గుణించడం. అయితే 1000001ను పగలగొడితే చాలు!

ఇది రాత్రి అన్నం తింటుండగా తట్టింది, చేయి కడుక్కోకుండానే పెన్ను పట్టుకున్నానని ఇంట్లో ఇప్పటికీ తిడుతున్నారు. నోట్‌బుక్‌లో ఆ పేజీకి పప్పు మరక అట్లాగే ఉంది. 101తో పోయింది, 101 × 9901. 9901 వంద వర్గానికి తక్కువ, కాబట్టి 97 దాకా చూస్తే చాలు, 97తో 7 మిగిలింది, మిగతావీ అంతే, దేనికీ పోలేదు.

508001508001 = 13 × 23 × 101 × 1699 × 9901.

పన్నెండు అంకెల సంఖ్య ఒక్క భోజనంలో అయిపోయింది. ఐదు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, 32 భాజకాలు. పాలమూరును రెండుసార్లు రాసినా ఇదే కథ, 3 × 101 × 9901 × 169667. ఇంకో తమాషా గమనించారా, విడిగా ఉన్నప్పుడు ఈ రెండు ఊళ్ల గ.సా.భా. 1 కదా, రెండుసార్లు రాయగానే అది పది లక్షల ఒకటి అయి కూర్చుంది.

ఇరవై ఆరో రోజు

ఇది బామ్మర్దికి చెబితే ఊరుకుంటాడా. "నీదే రెండుసార్లు రాసుకుంటే ఏమొచ్చె బావా, మీది మాది కలిపి రాయి" అన్నాడు. 508001509001. మళ్లీ గొడవ, నల్లగొండ ముందెందుకు, పాలమూరు ముందు రాయాలి అని.

సారును అడిగితే ఏది ముందు రాసినా 7తో పోతుంది పో అన్నారు, అది కూడా కాగితం ముట్టకుండా. 999999 అంటే 7 × 142857, కాబట్టి పది లక్షలను 7తో భాగిస్తే 1 మిగులుతుంది, అంటే ఇట్లాంటి సంఖ్యలో ముందు ఆరంకెలను, వెనక ఆరంకెలను ఊరికే కూడి చూస్తే చాలు. 508001, 509001 కలిపితే 1017002. అది 7 × 145286. కూడికలో ఏది ముందైతే ఏం. బామ్మర్ది కాసేపు ఏం మాట్లాడలేదు.

508001509001 = 7 × 72571644143. ఇప్పుడు ఈ పదకొండు అంకెలది నా ముందుంది. అడ్డదారి ఏదీ కనిపించడం లేదు. వర్గమూలం రెండు లక్షల అరవై తొమ్మిది వేల పైచిలుకు, ఆ లోపు ప్రధాన సంఖ్యలే ఇరవై వేలకు పైగా ఉంటాయి, రాత్రికి ఎనిమిది చొప్పున వేసుకుంటే ఏడేళ్లకు పైనే. మా బిడ్డ డిగ్రీ అయిపోతుంది. ఫోన్లో కొట్టమని ఇంట్లో అందరూ అంటున్నారు, సారు కూడా అన్నారు, నేను మాత్రం కొట్టను.

ముప్పయ్యో రోజు

19తో 1 మిగిలింది. 23తో 18. 41తో 2. 47తో 45. ఈసారి 5లు, 3లు తేడా తెలిసేలా రాస్తున్నాను, 5కు పైగీత విడిగా. రేపు 53.